కృష్ణా తీరపు శిల్పసంపద: తరలింపు నుంచి సంరక్షణ దాకా

ప్రాచీన దక్షిణ భారత శిల్పకళకు పరాకాష్ఠగా కళాచరిత్రకారులు ఎంచే అమరావతి శిల్పాల్లో ముఖ్యమైనవి చాలావరకు ఇవాళ చెన్నైలోని ప్రభుత్వ మ్యూజియంలోనూ, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. కొన్ని ఫలకాలు కోల్‌కతాకు చేరాయి. అవి పుట్టిన చోట మిగిలింది ఇటుకల పునాది, ఆలస్యంగా వచ్చిన ఒక చిన్న మ్యూజియం, తవ్వకాల్లో ఆ తరువాత దొరికిన శకలాలు మాత్రమే. ఈ పరిస్థితి ఏ దండయాత్ర వల్లనో, ఏ మతవిద్వేషం వల్లనో వచ్చినది కాదు. 1797 నుంచి నేటి దాకా నడిచిన చరిత్రను వరసగా పరిశీలిస్తే, తరలింపుల్లో అధికభాగం శిల్పాలను కాపాడాలన్న ఉద్దేశంతోనే జరిగాయనీ, అయితే ఆ ఉద్దేశం శిల్పాన్ని విడి వస్తువుగా చూసిందే తప్ప అది అమరిన కట్టడంలోనూ, ఆ కట్టడం నిలిచిన నేలలోనూ భాగంగా చూడలేదనీ స్పష్టమవుతుంది. వారసత్వ సంరక్షణకు సంబంధించిన చట్టాలు కూడా మొదట వస్తువును పట్టించుకుని, చోటును చాలాకాలం తరువాతే గుర్తించాయి. విజయవాడ పరిసరాల్లోనూ, కృష్ణా డెల్టాలోనూ ఈ ఆలస్యానికి చెల్లించిన మూల్యం పెద్దది.

స్తూపమంటే బుద్ధుని ధాతువులనో, బౌద్ధాచార్యుల అవశేషాలనో నిక్షిప్తం చేసి, వాటిపై ఇటుకలతో అర్ధగోళాకారంగా కట్టిన కట్టడం. ఆ అర్ధగోళాన్ని అండమనీ, దాని అడుగున ఉండే గుండ్రటి పీఠాన్ని మేధి అనీ, చుట్టూ భక్తులు నడిచే బాటను ప్రదక్షిణపథమనీ అంటారు. ఆ బాటకు వెలుపల నిలువు స్తంభాలు, వాటిని కలిపే సూచులనే అడ్డుపట్టీలు, పైన పరచిన ఉష్ణీషమనే దూలాలు కలిసి రాతి ప్రాకారంగా ఏర్పడతాయి. నాలుగు దిక్కులా మేధి నుంచి ముందుకు వచ్చిన అరుగుల మీద ఐదేసి ఆయక స్తంభాలను నిలపడం ఆంధ్ర స్తూపాల ప్రత్యేకత. ధాన్యకటకంలోని మహాచైత్యం, అంటే నేటి అమరావతి స్తూపం, మౌర్యుల కాలం నాటికే రూపుదిద్దుకోవడం మొదలై, శాతవాహనుల ఏలుబడిలో క్రీ.శ. రెండో శతాబ్దం నాటికి శిల్పాలంకృతమైన ప్రాకారాన్ని సంతరించుకుంది. పల్నాటి సున్నపురాయి మీద చెక్కిన ఆ పనితనాన్ని తొలి పరిశీలకులు పాలరాతి పనిగా పొరబడ్డారు. క్షేత్రం ఆ తరువాత కూడా వెంటనే మరుగున పడలేదు. 1182లో కోట కేతరాజు ఇక్కడి బుద్ధునికి దానాలిచ్చినట్లు అమరేశ్వరాలయ శాసనం చెబుతుండగా, శ్రీలంకలోని గడలాదెణియ శాసనం 1344 నాటికి ధర్మకీర్తి అనే భిక్షువు ధాన్యకటకంలో ఒక ప్రతిమాగృహాన్ని బాగుచేయించిన సంగతిని నమోదు చేసింది. మొత్తం మీద పదిహేను వందల ఏళ్లకు పైగా పూజలందుకున్న కట్టడమిది.

పద్దెనిమిదో శతాబ్దం చివరికి ఆ మహాచైత్యం ఊరి పక్కనున్న మట్టిదిబ్బగా, దీపాలదిన్నె అన్న పేరుతో మిగిలింది. చింతపల్లి నుంచి రాజధానిని అమరావతికి మార్చి కొత్త పట్టణం కట్టించిన జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి మనుషులు ఇటుకల కోసం, రాళ్ల కోసం దిన్నెను తవ్వినప్పుడు చెక్కడపు ఫలకాలు బయటపడ్డాయి. ఆ కబురు విని 1797లో వచ్చిన కాలిన్ మెకంజీ, సర్వేయర్ జనరల్ హోదాలో 1816లో చిత్రకారులనూ సర్వేయర్లనూ వెంటబెట్టుకుని తిరిగివచ్చేసరికి, దిన్నె నడుమ చెరువు తవ్వేశారు. ఎన్నో ఫలకాలు శివగంగ చెరువు మెట్లలోకీ, ఊళ్లోని కట్టడాల్లోకీ చేరాయి. కొన్ని సున్నపు బట్టీల పాలయ్యాయి. జమీందారును ఇందుకు దోషిగా నిలబెట్టడం వలసకాలపు రచనల్లో పరిపాటి. కానీ పాడుబడిన కట్టడపు రాయిని కొత్త కట్టడానికి వాడుకోవడం ఈ దేశంలో అనాదిగా ఉన్నదే కాబట్టి, ఆ నిందలో సగం పాలు న్యాయం కూడా లేదు. మెకంజీ బృందం గీసిన చిత్రాలూ, స్తూపపు ప్రణాళికా పటమూ నేటికీ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఆ తరువాత మాయమైన ఎన్నో ఫలకాలకు అవే ఏకైక సాక్ష్యం. మెకంజీకి ఈ గడ్డ చరిత్రనూ భాషలనూ చేరువ చేసినవారు కావలి బొర్రయ్య, కావలి లక్ష్మయ్య సోదరులు. అమరావతి కథ ఇప్పటికీ ఎక్కువగా దొరల పేర్లతోనే నడుస్తుండటం, ఈ సోదరుల పేర్లు అడుగు వరసలో పడటం సరిచేయవలసిన లోపం.

మెకంజీ చిత్రకారులు అమరావతిలో పనిచేస్తున్న 1816లోనే, ఎల్గిన్ ప్రభువు ఏథెన్స్ నుంచి తెచ్చిన పార్థెనాన్ శిల్పాలను బ్రిటిష్ ప్రభుత్వం కొని బ్రిటిష్ మ్యూజియానికి అప్పగించింది. ప్రాచీన శిల్పాన్ని దాని కట్టడం నుంచి విడదీసి మహానగరంలో ప్రదర్శించడమే దానికి దక్కే గౌరవమన్న భావన ఆ కాలపు ఐరోపా అంతటా బలపడుతుండగా, కృష్ణా ఒడ్డున జరిగినదీ అదే బాటలో నడిచింది. మచిలీపట్నం కలెక్టరుగా ఉన్న రాబర్ట్‌సన్ కొన్ని ఫలకాలను అక్కడ తాను కట్టించిన కొత్త బజారు కూడలికి అలంకారంగా తెప్పించాడు. ఆ పేట నేటికీ ఆయన పేరుతోనే ఉంది. 1835లో వచ్చిన మద్రాసు గవర్నరు ఫ్రెడరిక్ ఆడమ్ వాటిని మద్రాసుకు పంపమని ఆజ్ఞాపించినా అన్నీ కదలలేదు. 1845లో గుంటూరు కమిషనర్ వాల్టర్ ఎలియట్ స్తూపాన్ని తవ్వించి పెద్ద సంఖ్యలో శిల్పాలను మద్రాసుకు తరలించగా, అవి కొన్నేళ్లు ఎండకు ఎండి వానకు తడిసి, 1851లో నెలకొన్న మ్యూజియానికి చేరాయి. 1858లో లినేయస్ ట్రైప్ అనే సైనికాధికారి తీసిన ఛాయాచిత్రాల్లో అవి ఎలియట్ మార్బుల్స్ అన్న పేరుతో కనిపిస్తాయి. ఎల్గిన్ మార్బుల్స్ అన్న మాటను అచ్చంగా అనుసరించిన ఆ పేరులోనే ఆనాటి దృష్టి అంతా ఇమిడి ఉంది, ఎందుకంటే అందులో తవ్వించినవాడే ఉన్నాడు గాని స్తూపమూ లేదు, ఊరూ లేదు.

1859లో 121 ఫలకాలు ఓడెక్కి లండన్ చేరాయి. అక్కడా వాటికోసం ఎవరూ ఎదురుచూడలేదు. గిడ్డంగుల్లో, బండ్ల కొట్టంలో పడి ఉన్న వాటిని 1867లో వాస్తుచరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ గమనించి, మరుసటి ఏడు వెలువడిన తన గ్రంథంలో సాంచీ శిల్పాలతో పాటు ప్రచురించాకనే ప్రపంచానికి వాటి విలువ తెలిసింది. లండన్‌లో వాటిని ఉంచిన ఇండియా మ్యూజియం మూతపడటంతో 1880లో బ్రిటిష్ మ్యూజియానికి బదిలీ అయి, చాలాకాలం పెద్ద మెట్లదారి పక్కన గోడలకు అమరి ఉండి, తరువాత లోపలికి చేరి, 1992లో గాని వాతావరణాన్ని నియంత్రించే ప్రత్యేక గదికి నోచుకోలేదు. కాపాడటం కోసమే తీసుకెళ్లామన్న వాదాన్ని తూచవలసింది ఈ 130 ఏళ్ల లెక్కతోనే.

ఈ చరిత్రలో అన్నిటికన్నా లోతుగా చూడవలసిన ఘట్టం 1877 నుంచి 1883 వరకు నడిచినది. 1877లో రాబర్ట్ సూయెల్ జరిపిన పరిమితమైన తవ్వకంలో మరికొన్ని ఫలకాలు దొరికాయి. 1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ ఆజ్ఞతో పర్యవేక్షణ సరిగా లేకుండా దిన్నెను పూర్తిగా తోడివేయడంతో, ఏ ఫలకం ఏ పొరలో, ఏ స్థానంలో ఉండేదో చెప్పే ఆధారం చాలావరకు చెరిగిపోయింది. పురాతత్త్వంలో పొర అంటే ఒకదానిపై ఒకటి పేరుకున్న మట్టి అంతస్తు. దానిలో వస్తువున్న స్థానమే దాని కాలాన్ని చెబుతుంది కాబట్టి, పొర చెదిరాక ఆ వస్తువు అందంగా ఉన్నా సగం మూగదే. 1881 చివర్లో వచ్చిన జేమ్స్ బర్జెస్ అక్కడ మిగిలినదాన్ని నమోదు చేసి, ఎంపిక చేసిన శిల్పాలను మద్రాసుకు పంపడానికి పూనుకున్నాడు. అదే సమయంలో ప్రాచీన కట్టడాల క్యూరేటరుగా కొత్తగా నియమితుడైన హెచ్.హెచ్. కోల్ దాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. శిల్పాలు పుట్టినచోటే ఉండాలనీ, ప్రాకారాన్ని అక్కడే తిరిగి నిలపాలనీ, మ్యూజియాలకు కావాలంటే ప్లాస్టర్ అచ్చులు తీసి పంపవచ్చనీ ఆయన ప్రతిపాదించాడు. ఊళ్లో భద్రత లేదనీ, రాళ్లు దెబ్బతింటాయనీ బర్జెస్ వాదించాడు. ప్రభుత్వం బర్జెస్ మాటే విన్నది. శిల్పాలు మద్రాసుకు వెళ్లాయి. దిన్నె గుంతగా మిగిలింది.

వారిద్దరి వాదనల్లోనూ నిజముంది. కానీ కోల్ ప్రతిపాదన ఖర్చుతో, కాపలాతో కూడుకున్నదే తప్ప అసాధ్యమైనది కాదు. భద్రత లేనిచోట భద్రత కల్పించడానికి బదులు వస్తువును తీసుకుపోవడం పాలనకు సులువైన మార్గం. అప్పటి నుంచి ఆ సులువే సంప్రదాయంగా మారింది.

విడదీయడం వల్ల పోయేదేమిటో ఒకటి రెండు ఫలకాలను దగ్గరగా చూస్తే తెలుస్తుంది. చెన్నై మ్యూజియంలో ఉన్న ఒక గుండ్రటి ప్రాకార ఫలకంలో రాజగృహ నగర వీథిలోకి వదిలిన నలగిరి అనే మదగజం కథ చెక్కి ఉంది. ఒకే వలయంలో ఒకవైపు ఏనుగు మనుషులను తొక్కుతూ, ఈడుస్తూ విరుచుకుపడుతుంటుంది. రెండోవైపు అదే ఏనుగు బుద్ధుని పాదాల ముందు మోకరిల్లుతుంది. ఈ రెండు క్షణాల నడుమ చెల్లాచెదురైన జనం, మేడ మీది గవాక్షాల నుంచి తొంగిచూస్తున్న ముఖాలు, భయంతో వెనక్కి ముడుచుకుపోయిన ఒక స్త్రీ కనిపిస్తారు. ప్రదక్షిణపథంలో నడిచే భక్తుడు ఒక ఫలకం నుంచి మరో ఫలకానికి సాగుతూ చూడవలసిన కథనమిది. గోడకు బిగించినప్పుడు అది బొమ్మగా నిలుస్తుంది, నడక పోతుంది. బ్రిటిష్ మ్యూజియంలోని మరో ప్రసిద్ధ ఫలకానికి రెండు వైపులా చెక్కడముంది. ఒకవైపు బోధివృక్షం కింద ఖాళీ ఆసనాన్ని కొలిచే పాతకాలపు శిల్పముండగా, కొన్ని తరాల తరువాత దాన్ని తిప్పి, వెనుకవైపున ప్రాకారంతో, ఆయక స్తంభాలతో, తోరణం ముందు సింహాలతో స్తూపాన్నే చెక్కారు. మహాచైత్యం ఎలా ఉండేదో ఊహించడానికి పండితులకు ముఖ్యాధారం ఆ రెండోవైపే. రాతిని పారేయకుండా తిప్పి వాడిన ఆ శిల్పులు కూడా ఒక రకంగా సంరక్షకులే. కాని వారు రాతిని స్తూపం నుంచి దూరం చేయలేదు.

అమరావతికి కనీసం చిత్రాలూ, నివేదికలూ దక్కాయి. డెల్టాలోని చిన్న స్తూపాలకు అదీ దక్కలేదు. 1852–55 మధ్య విజయవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట కట్టాక, ఆర్థర్ కాటన్ ఊహించిన కాలువల వ్యవస్థ డెల్టాను అన్నపూర్ణగా మార్చింది. ఆ కాలువలకూ వాటి గట్ల వెంట వేసిన రోడ్లకూ కంకర దొరకని నల్లరేగడి నేలలో, రెండువేల ఏళ్లనాటి పెద్ద ఇటుకల దిబ్బలు పబ్లిక్ వర్క్స్ ఇంజనీర్లకు సిద్ధంగా ఉన్న సరుకుగా కనిపించాయి. భట్టిప్రోలు స్తూపపు ఇటుకలు రోడ్డు కిందికి, చెక్కడపు రాళ్లు కాలువ తూము పనికి పోయాయి. గుడివాడ దిబ్బ ఇటుకలూ రోడ్ల పాలయ్యాయి. పంటకు నీరిచ్చిన పనే గతాన్ని తుడిచిందని చెప్పడం ఆ పనిని తక్కువ చేయడం కాదు. కాని రెండూ ఒకే శాఖ చేతుల మీదుగా, ఒకే కాలంలో జరిగాయన్నది మరువకూడని వాస్తవం. అలా కొల్లపోయిన భట్టిప్రోలు స్తూపం గర్భంలోనే 1892లో అలెగ్జాండర్ రీ ధాతుపేటికలను కనుగొన్నాడు. వాటి మీద ఉన్న విలక్షణమైన బ్రాహ్మీ లిపి, దక్షిణాదిలో దొరికిన అతి పురాతన లేఖనాల్లో ఒకటిగా, లిపిశాస్త్రంలో భట్టిప్రోలు పేరుతోనే స్థిరపడింది. రీ పరిశోధించిన ఘంటసాల, ప్రాచీన గ్రీకు భూగోళవేత్త టోలెమీ పేర్కొన్న కంటకోసిల రేవేనని పండితుల అభిప్రాయం. అక్కడి శిల్పాలు కొన్ని ఇవాళ పారిస్‌లోని గిమే మ్యూజియంలో ఉన్నాయి.

చట్టం ఈ నష్టాల వెనుకే నడిచింది. 1878 నాటి నిక్షేపాల చట్టం భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన విలువగల వస్తువు గురించి కలెక్టరుకు తెలియజేయాలని నిర్దేశించింది. దాని దృష్టి నిధి మీద ఉందే గాని క్షేత్రం మీద లేదు. కర్జన్ వైస్రాయిగా ఉండగా వచ్చిన 1904 నాటి ప్రాచీన కట్టడాల సంరక్షణ చట్టమే మొదటిసారి కట్టడాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించే అధికారాన్ని ప్రభుత్వానికిచ్చింది. జాన్ మార్షల్ నాయకత్వంలో పురాతత్త్వ శాఖ తవ్వినచోటే మ్యూజియం పెట్టే విధానాన్ని సారనాథ్ వంటి చోట్ల అమలుచేసింది. కోల్ ఓడిపోయిన వాదం ఇలా ఇరవై ఏళ్ల తరువాత దేశవ్యాప్త విధానమైంది. అమరావతికి మాత్రం ఆ క్షేత్ర మ్యూజియం 1951లో గాని రాలేదు. అప్పటికే పెట్టడానికి మిగిలినవి తక్కువ. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయినప్పుడు మద్రాసు మ్యూజియంలోని శిల్పాలు అక్కడే ఉండిపోయాయి. 1942లో సి. శివరామమూర్తి వాటిపై వెలువరించిన గ్రంథం నేటికీ ప్రామాణికమే. కాని వాటిని గోడల్లో పొదిగి బిగించిన పాత పద్ధతి వల్ల తేమ, లవణాలు రాతిలోకి చేరి పొరలుగా చెడిపోవడం మొదలై, విడదీసి చికిత్స చేయవలసి వచ్చింది. మ్యూజియం గోడ కూడా రాతికి ప్రమాదం కాగలదని బర్జెస్ ఊహించి ఉండడు.

ఎగువన నాగార్జునకొండది వేరే కథ. 1926లో వెలుగుచూసిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ జలాశయం కింద మునుగుతుందని తెలిసి, ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో 1954 నుంచి 1960 దాకా లోయంతటా తవ్వకాలు జరిపి, వందకు పైగా స్థలాలను నమోదు చేశారు. ముఖ్యమైన కట్టడాలను కొండమీదికి, నేటి ద్వీపానికి, తరలించి మళ్లీ కట్టారు. ఈజిప్టులో అస్వాన్ ఆనకట్ట కోసం అబూ సింబెల్ ఆలయాలను యునెస్కో పైకెత్తించడానికి ముందే ఈ ప్రయత్నం మొదలైంది. ఇక్కడ తరలింపు తప్పనిసరి. కానీ శిల్పాలతో పాటు కట్టడాల ప్రణాళికలనూ, వాటి పరస్పర స్థానాలనూ కూడా కాపాడాలన్న స్పృహ అమరావతి నాటికి లేనిది.

స్వాతంత్ర్యానంతరం 1958 నాటి కేంద్ర చట్టం, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం కట్టడాలను కేంద్రం, రాష్ట్రం మధ్య పంచాయి. 1972 నాటి పురావస్తువుల చట్టం, వందేళ్లు దాటిన వస్తువును ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు ఎగుమతి చేయడాన్ని నిషేధించింది. ఈ చట్టాలున్నా దొంగతనాలు ఆగలేదనడానికి తెలుగునాట ప్రకాశం జిల్లా చందవరం ప్రబల నిదర్శనం. గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న ఆ బౌద్ధ క్షేత్రం నుంచి మాయమైన, బుద్ధుని ఆరాధకులను చూపే మూడో శతాబ్దపు ఫలకాన్ని ఆస్ట్రేలియా జాతీయ ఆర్ట్ గ్యాలరీ 2005లో న్యూయార్కు వ్యాపారి నాన్సీ వీనర్ నుంచి కొన్నది. అది ఎక్కడిదో తెలిపే ఆధారాలు బయటపడ్డాక, 2016లో భారతదేశానికి అప్పగించింది. పుట్టినచోటే శిల్పముండాలన్న వాదానికి చందవరం గట్టి పరీక్ష. కాపలా లేని క్షేత్ర మ్యూజియం దొంగకు వాకిలి తెరిచినట్లే. అయినా అక్కడ జరిగినది కోల్ ఆశయం విఫలమవడం కాదు, ఆ ఆశయానికి అయ్యే ఖర్చు పెట్టకపోవడం.

విజయవాడ నగరంలో సమస్య మరో రూపంలో ఉంది. ఉండవల్లి నాలుగంతస్తుల గుహాలయం, అందులోని అనంతశయన విష్ణుమూర్తి, ఇంద్రకీలాద్రి పాదాన అక్కన్న మాదన్న గుహలు, మొగల్రాజపురం గుహలు కొండను తొలిచి చేసినవి కాబట్టి ఎవరూ ఎత్తుకుపోలేరు. నగరమే వాటిని చుట్టుముట్టింది. 2010లో సవరించిన కేంద్ర చట్టం రక్షిత కట్టడం చుట్టూ వంద మీటర్ల వరకు నిర్మాణాలను నిషేధించి, ఆపై మరో రెండువందల మీటర్లను నియంత్రిత ప్రాంతంగా నిర్ణయించింది. చోటును కూడా వారసత్వంగా చట్టం ఇంత స్పష్టంగా గుర్తించినది ఈ సవరణతోనే. అయితే అప్పటికే మొగల్రాజపురం గుహల చుట్టూ ఇళ్లు లేచాయి. 1887లో విక్టోరియా జూబిలీ పేరుతో వెలసి, 1921లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగినప్పుడు పింగళి వెంకయ్య పతాకాన్ని గాంధీజీకి అందించిన వేదికగా పేరొందిన నగర మ్యూజియం, మరమ్మతుల తరువాత 2020లో బాపు మ్యూజియంగా తిరిగి తెరుచుకుంది. అల్లూరులో దొరికిన నిలువెత్తు సున్నపురాతి బుద్ధుడు అక్కడి సేకరణలో మకుటం వంటిది. 2015లో కొత్త రాజధానికి అమరావతి పేరు పెట్టడమూ, అదే ఏడు వారసత్వ నగరాల అభివృద్ధికి ఉద్దేశించిన హృదయ్ పథకంలో ఆ క్షేత్రానికి చోటు దక్కడమూ పాత పేరుకు కొత్త ప్రతిష్ఠ తెచ్చాయి. ఆ ప్రతిష్ఠ దిన్నెకు ఎంత చేరిందన్నది వేరే లెక్క.

శిల్పాలు తిరిగి రావాలన్న కోరిక ఈ నేపథ్యంలో బలపడటం సహజం. లండన్ విషయంలో 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టమే పెద్ద అడ్డంకి. చాలా పరిమితమైన సందర్భాల్లో తప్ప సేకరణలోని వస్తువును శాశ్వతంగా వదులుకునే అధికారం ఆ చట్టం ప్రకారం ధర్మకర్తలకు లేదు. చెన్నై విషయంలో అడ్డంకి చట్టం కన్నా రెండు రాష్ట్రాల మధ్య కుదరవలసిన ఒప్పందం. న్యాయం అడగడం ఆపనక్కరలేదు. కాని తిరిగి వచ్చేదాకా చేయవలసిన పని వేరే ఉంది. డెల్టా గ్రామాల్లో రక్షిత జాబితాకెక్కని దిబ్బలు, చెరువు గట్ల మీద సగం పూడిన చెక్కడపు రాళ్లు, శివాలయాల ముంగిట నిలిపిన స్తంభాల ముక్కలు ఇంకా ఉన్నాయి. రెవెన్యూ రికార్డులో అవి బంజరుగానో, పొరంబోకుగానో నమోదై ఉంటే, రోడ్డుకో లేఅవుటుకో మట్టి తోలే రోజున అడ్డుచెప్పే ఆధారం ఎవరి చేతిలోనూ ఉండదు. ప్రతి దిబ్బకు సర్వే నంబరుతో, కొలతలతో, ప్రతి రాతికి ఛాయాచిత్రంతో మండల స్థాయిలో ఒక రిజిస్టరు తయారుచేసి, మట్టి తవ్వకపు అనుమతి ఇచ్చే ముందు దాన్ని సరిచూడటాన్ని తప్పనిసరి చేస్తే, అమరావతికి మెకంజీ పటం చేసినంత మేలు ఈ చిన్న క్షేత్రాలకూ జరుగుతుంది. 1870లకు ముందు భట్టిప్రోలుకు, గుడివాడకు అటువంటి నమోదు లేకపోబట్టే, వాటి స్తూపాలు ఏ రూపంలో ఉండేవో ఇవాళ పునాదులను బట్టి ఊహించవలసి వస్తున్నది.